స్నాతకోత్తర న్యాయశాస్త్ర పరీక్షలు: మారుచున్న ప్రశ్నపత్రము

పట్టభద్రులైన పిదప న్యాయకళాశాలలలో చేరు మన విద్యార్థులలో అధికులు ఎల్.ఎల్.బి. తోనే చదువు చాలించుచున్నారు. ఎల్.ఎల్.ఎం. అను స్నాతకోత్తర పట్టము వరకు పోవువారు అరుదు. దీనికి ఆర్థిక కారణములు లేకపోలేదు. కాని ఆ పరీక్షల తీరు తెలియకపోవుట, తెలిసినవారికి కూడ అది తరచు మారుచుండుటచే కలుగు బెదురు, ఇవియు ముఖ్య కారణములేనని మేము తలచుచున్నాము. అందుచే ఈ వ్యాసమున ఆ పరీక్షల స్వరూపము ఎట్లుండెడిది, ఎట్లు మారినది, ఆ మార్పు వలన ఉర్దూ, తెలుగు మాధ్యమముల నుండి వచ్చు మన విద్యార్థులకు లాభమా నష్టమా అను విషయమును పరిశీలింతము.

న్యాయవాదిగా నల్లకోటు ధరించుటకు ఎల్.ఎల్.బి. చాలును. 1961 నాటి న్యాయవాదుల చట్టము క్రింద ఆ పట్టము గలవారే వృత్తిలో ప్రవేశింతురు. ఎల్.ఎల్.ఎం. ప్రయోజనము వేరు. న్యాయకళాశాలలో అధ్యాపకుడు కాదలచినవారికి, పరిశోధన చేయదలచినవారికి అది తప్పనిసరి మెట్టు. కనుక ఈ పరీక్షను ఎవరు నెగ్గుదురు అను ప్రశ్న రేపు న్యాయశాస్త్రమును బోధించువారు ఎవరు అను ప్రశ్నయే. ఒక వర్గము నుండి గాని ఒక భాష నుండి గాని వచ్చినవారు ఈ మెట్టు వద్ద ఆగిపోయినచో, బోధకుని ఆసనములో వారు కనిపించరు.

మన దేశమున విశ్వవిద్యాలయ పరీక్షల మూలము 1857లో స్థాపింపబడిన కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములలో కలదు. అవి లండను విశ్వవిద్యాలయమును నమూనాగా గైకొన్నవి. మూడు గంటల కాలము, పది ప్రశ్నలలో ఐదింటికి వ్యాసరూప సమాధానము, ఎవరో తెలియని పరీక్షకుడు: ఈ పద్ధతి తరతరములుగా సాగినది. దీనిలోని లోపములు అందరెరిగినవే. గత ఐదేండ్ల ప్రశ్నపత్రములను ముందు వేసుకొని, ఈ యేడు రాదగిన ప్రశ్నలను ఊహించి, బజారు నోట్సు కంఠస్థము చేసినవాడు కూడ మొదటి తరగతి పొందగలిగెను. 'విమర్శనాత్మకముగా చర్చింపుడు' అని ప్రశ్నలో ఉండును. జవాబులో మాత్రము విమర్శ ఉండదు, చర్చ ఉండదు, వరుసగా తీర్పుల పేర్లు ఉండును. అయినను ఆ పద్ధతిలో ఒక గుణము కలదు. విద్యార్థి అరగంటకు పైగా ఒక విషయమును తన వాక్యములలో నిలబెట్టవలసి యుండెను.

ఆ వాక్యములు ఏ భాషలోనివి? ఈ ప్రశ్న మన కళాశాలవంటి సంస్థలకు మిక్కిలి ముఖ్యము. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనాభాషగా చేసికొన్నది. అందులకై 1917లోనే దారుల్ తర్జుమా అను అనువాద సంస్థ ఏర్పడి శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినది. న్యాయశాస్త్రమును దేశభాషలో బోధించి, దేశభాషలోనే పరీక్షించుట సాధ్యమేనని అది నిరూపించినది. 1948 తరువాత ఆంగ్లము ఆ స్థానమును ఆక్రమించినది. కాని న్యాయస్థానపు వాడుకలో ఆ నాటి భాష నేటికిని తెలుగులో సజీవముగా ఉన్నది: దావా, వకాలతు, జామీను, జప్తు, రాజీ, ఫిర్యాదు. మన పల్లెలలో చదువురాని రైతు కూడ ఈ మాటలను ఎరుగును.

ఇచ్చట ఒక చిన్న విశేషము చెప్పక తప్పదు. ఉర్దూలో 'ముద్దయీ' యనగా దావా వేసినవాడు, వాది. ప్రతివాదిని 'ముద్దా అలైహ్' అందురు. అదే మాట తెలుగులోనికి వచ్చి 'ముద్దాయి' అయి, నేరము మోపబడినవాడను అర్థమున స్థిరపడినది. ఒకే తరగతిలో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరు విద్యార్థులు ఒకే మాటను చదివి, ఒకడు వాది పక్షమున, మరొకడు ప్రతివాది పక్షమున జవాబు వ్రాయవచ్చును! ప్రశ్నపత్రమును రెండు భాషలలో అచ్చువేసినంత మాత్రమున సమానత్వము సిద్ధింపదని దీనివలన తెలియుచున్నది. అనువాదమునకు శాస్త్రమెరిగిన వాడు కావలెను.

ఇక మార్పుల సంగతి. మొట్టమొదట మారినది ప్రవేశద్వారము. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములు కొన్ని కలిసి 2008లో క్లాట్ అను ఉమ్మడి ప్రవేశ పరీక్షను ఆరంభించినవి. హైదరాబాదులోని నల్సార్ అందు తొలినాటి నుండి భాగస్వామి. స్నాతకోత్తర తరగతికి సంబంధించిన క్లాట్ పరీక్షలో 2019లో ఆబ్జెక్టివ్ ప్రశ్నలకు తోడు రెండు వ్యాసములు కూడ వ్రాయవలసియుండెను. మరుసటి సంవత్సరమే, అనగా 2020లో, ఆ వ్యాసములు తొలగింపబడినవి. అటుపిమ్మట నూట ఇరువది ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబునకు పావు మార్కు కోత అను పద్ధతి నడచుచున్నది. ప్రశ్నకు ఒక్క నిమిషము. అందును చాలవరకు ఏదో తీర్పులోని భాగమునిచ్చి దానిపై ప్రశ్నలడుగుదురు గనుక ఆంగ్లము వేగముగా చదువలేనివాడు ఆదిలోనే వెనుకబడును.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఎల్.ఎల్.ఎం. సీట్లకు పి.జి.ఎల్.సెట్ అను వేరొక పరీక్ష కలదు. తెలంగాణలో దీనిని ఉన్నత విద్యామండలి పక్షమున ఉస్మానియా విశ్వవిద్యాలయము నిర్వహించుచు వచ్చినది. ఇచ్చటను నూట ఇరువది ప్రశ్నలే, కాని వ్యవధి తొంబది నిమిషములు. అనగా ప్రశ్నకు నలువదియైదు సెకండ్లు. కోత లేదు. నలువది ప్రశ్నలు న్యాయతత్త్వశాస్త్రము, రాజ్యాంగము నుండియు, మిగిలిన ఎనుబది అంతర్జాతీయ న్యాయము, వాణిజ్య న్యాయము, కార్మిక న్యాయము, నేరములు, మేధాసంపత్తి వంటి విభాగముల నుండియు వచ్చును. ఎల్.ఎల్.బి. ప్రవేశమునకై జరుగు లాసెట్‌లో ప్రశ్నలు ఆంగ్లముతో పాటు తెలుగులోను, ఉర్దూలోను లభించును. పి.జి.ఎల్.సెట్‌లో మాత్రము ఆంగ్లమే. మూడేండ్లు దేశభాష నీడలో నడచిన విద్యార్థి నాలుగవ యేట ఒక్కసారిగా ఎండలో నిలుచుచున్నాడు.

లోపలికి పోవు ద్వారము ఇట్లు మారగా, బయటికి వచ్చు ద్వారమును మారినది. ఎల్.ఎల్.ఎం. ముగించినవాడు అధ్యాపకుడు కావలెననిన విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి నెట్ పరీక్షను సాధారణముగా దాటవలెను. అందలి మూడవ పత్రము 2011 డిసెంబరు వరకు వ్రాతపరీక్ష. 2012 జూన్ నుండి అదియు ఆబ్జెక్టివ్ అయినది. 2018లో మూడు పత్రములు రెండుగా కుదించబడినవి. మొదట ఏబది ప్రశ్నలు, పిదప శాస్త్ర విషయమున నూరు. ఒక్క వాక్యమైనను స్వయముగా వ్రాయ నక్కరలేదు.

కాబట్టి పరిస్థితి చిత్రముగా ఉన్నది. తరగతిలో చేరుటకు గుర్తులు పెట్టవలెను. చేరిన పిదప విశ్వవిద్యాలయము సెమిస్టరు పరీక్షలలో వ్యాసములు వ్రాయుమనును, సెమినారు పత్రము చదువుమనును, చివర లఘు పరిశోధనా గ్రంథము సమర్పించి మౌఖిక పరీక్షకు రమ్మనును. పట్టము చేతికి వచ్చిన పిదప మరల గుర్తులే. నడుమనున్న రెండేండ్ల వ్రాతకు ముందు శిక్షణ లేదు, వెనుక గుర్తింపు లేదు. శిక్షణా కేంద్రములలో వేలు పోసి నేర్చుకొనునది మొదటి గుర్తులు పెట్టుట మాత్రమే.

ఈ మూడు విధముల పరీక్షలకు గల భేదమును మన సంస్థకు దగ్గరి విషయముతోనే విశదపరచెదము. రాజ్యాంగములోని 30వ అధికరణము అల్పసంఖ్యాక వర్గములకు తమకిష్టమైన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొను హక్కును ఇచ్చినది. దీనిపై పాతకాలపు వ్యాసరూప ప్రశ్న వచ్చినచో, విద్యార్థి 1958 నాటి కేరళ విద్యాబిల్లు అభిప్రాయము నుండి మొదలిడి, 1974 నాటి సెయింట్ జేవియర్స్ కళాశాల తీర్పు, 2002 నాటి టి.ఎం.ఏ. పాయ్ తీర్పు, 2005 నాటి ఇనాందార్ తీర్పు అని మాల గ్రుచ్చినట్లు వ్రాయును. ఆబ్జెక్టివ్ పరీక్షలో అదే విషయము ఇట్లడుగబడును: టి.ఎం.ఏ. పాయ్ వ్యాజ్యమును విచారించిన ధర్మాసనమున న్యాయమూర్తులెందరు? ఐదుగురు, ఏడుగురు, తొమ్మండుగురు, పదకొండుగురు. పదకొండు అని తెలిసినవానికి మార్కు వచ్చును. ఆ పదకొండుగురు ఏమి చెప్పిరో అతడెరుగనక్కరలేదు.

మూడవది సమస్యారూప ప్రశ్న. ఉదాహరణకు: ఒక పట్టణమున ఒక అల్పసంఖ్యాక వర్గమువారు స్వాతంత్ర్యమునకు పూర్వము విరాళములు పోగుచేసి కళాశాలను నెలకొల్పిరి. కొంతకాలమునకు శాసనము ద్వారా అది విశ్వవిద్యాలయముగా మారినది. పాలకమండలిలో ఇతర వర్గములవారును కలరు. ఈ సంస్థ 30వ అధికరణపు రక్షణను కోరవచ్చునా?

పుస్తకము తెరచి చూచినను దీనికి జవాబు ఏ పుటలోను వ్రాసియుండదు. 1967లో అజీజ్ బాషా వ్యాజ్యమున ఐదుగురు న్యాయమూర్తులు అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయమును గూర్చి తీర్పు చెప్పుచు, అది 1920 నాటి చట్టముచే ఏర్పడినది గాని ముస్లిములచే స్థాపింపబడినది కాదనిరి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1870వ దశకమున నాటిన విత్తనము లెక్కకు రాలేదు. అర్ధశతాబ్దికి పైగా ఈ తీర్పే ప్రమాణముగా నడచినది. 2024 నవంబరు 8న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము నలుగురు ముగ్గురుగా చీలి, అజీజ్ బాషా తీర్పులోని ఆ సూత్రమును త్రోసివేసినది. శాసనము ద్వారా రూపుదాల్చినంత మాత్రమున అల్పసంఖ్యాక స్వభావము పోదనియు, సంస్థను నెలకొల్పవలెనను తలంపు ఎవరిది, ప్రయోజనము ఎవరికి ఉద్దేశింపబడినది, ధనము ఎవరు కూర్చిరి, ఆ తలంపును ఆచరణలో పెట్టినవారెవరు అని మూలమునకు పోయి చూడవలెననియు మెజారిటీ న్యాయమూర్తులు చెప్పిరి. అలీగఢ్ సంగతి ఈ కొలతల ప్రకారము తేల్చుపనిని వేరొక ధర్మాసనమునకు విడిచిరి.

ఇది తెలిసిన విద్యార్థి మన ఊహాజనిత సమస్యలో విరాళముల సంగతిని గట్టిగా పట్టుకొనును. పాలకమండలిలో ఇతరులుండుట దానంతటదే హక్కును పోగొట్టదనును. ఇచ్చిన కథలో ఏ వివరము లోపించినదో కూడ చెప్పును: కళాశాలను ఎవరి ప్రయోజనమునకై పెట్టిరో ప్రశ్నలో లేదు, అది తెలియనిదే తుది జవాబు చెప్పరాదు. భిన్నాభిప్రాయము వెలిబుచ్చిన న్యాయమూర్తుల వాదమును కూడ న్యాయముగా తూచును. ఇట్టి జవాబు వ్రాయగలవాడు నిజముగా స్నాతకోత్తర విద్యార్థి. 'అజీజ్ బాషా, 1967, ఐదుగురు' అని మాత్రమే కంఠస్థము చేసినవానికి 2024 నవంబరు 8తో పెట్టుబడి అంతయు కరిగిపోయినది.

సెక్షన్ల సంఖ్యలను వల్లెవేసినవారి గతియు అంతే. 2024 జూలై 1 నుండి భారతీయ శిక్షాస్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. తరతరములుగా జనుల నోళ్లలో నానిన మూడువందల రెండు నూట మూడు అయినది. తిట్టుగా కూడ వాడుకలోనికి వచ్చిన నాలుగువందల ఇరువది మూడువందల పదునెనిమిదిలో కలిసినది. హత్య యనగా నేమో, మోసమనగా నేమో గ్రహించినవానికి సంఖ్య మారిన కష్టము ఒక పూట మాత్రమే.

సమస్యారూప ప్రశ్నలకు, పుస్తకములు చూచి వ్రాయు పరీక్షలకు మన దేశమున పెద్దయెత్తున అవకాశము కలిగినది మహమ్మారి కాలమున. చివరి సెమిస్టరు పరీక్షలు జరుపక తప్పదని నిధుల సంఘము 2020 జూలైలో నిర్దేశింపగా, సుప్రీంకోర్టు ఆగస్టు 28న దానిని సమర్థించినది. అప్పటికే ఢిల్లీ విశ్వవిద్యాలయము ఆగస్టు 10 నుండి అంత్య సంవత్సర విద్యార్థులకు ఇంటినుండియే పుస్తకములు తెరచి వ్రాయు పరీక్షను నడపుచుండెను. రెండు గంటలు వ్రాతకు, ఒక గంట ఆ కాగితములను ఛాయాచిత్రములు తీసి అంతర్జాలము ద్వారా పంపుటకు. దృష్టిలోపము గలవారి పక్షమున ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యము నడచినది. కొన్ని షరతులతో న్యాయస్థానము పరీక్షకు అనుమతించినది. చదివి వినిపించువాడు దొరకని అంధ విద్యార్థికి తెరచిన పుస్తకము వలన ఏమి ఫలము? సిగ్నలు లేని పల్లెలో మిద్దె యెక్కి జవాబు పంపవలసినవానికి ఆ మూడవ గంటయే అసలు పరీక్ష. పద్ధతి ఎంత మంచిదైనను దానిని అందుకొను సాధనములు సమముగా లేనిచోట అది ఉన్నవానినే ఉద్ధరించునని ఆ సంవత్సరము తేటతెల్లము చేసినది.

చదువు వ్యవధి విషయమునను తగవు కలదు. నిధుల సంఘము 2012లో ఒక సంవత్సరపు ఎల్.ఎల్.ఎం. కు మార్గదర్శకములు రూపొందించినది. ఇరువదినాలుగు క్రెడిట్లు, మూడు నిర్బంధ పత్రములు, ఆరు ఐచ్ఛికములు, ఒక పరిశోధనా గ్రంథము. భారత న్యాయవాదుల మండలి 2021 జనవరిలో ప్రకటించిన నియమములలో ఈ ఒక సంవత్సరపు చదువును రద్దుచేసి, రెండేండ్లను, వేరొక అఖిలభారత ప్రవేశ పరీక్షను ప్రతిపాదించినది. అది సుప్రీంకోర్టుకు ఎక్కినది. ఆ విద్యాసంవత్సరమున అమలు జరుపబోమని మండలి విన్నవించినది. ఏనుగులు కలియబడగా గడ్డి నలిగినట్లు విద్యార్థుల పాట్లు.

ఇంతకు మన విద్యార్థులకు ఏది మేలు? గుర్తులు పెట్టు పరీక్షను మేము పూర్తిగా నిందింపజాలము. దానిలో దస్తూరి చూచి మార్కు వేయు పరీక్షకుడు లేడు, ఇంటిపేరు చూచువాడు లేడు, ఆంగ్లములో నడక తడబడినంత మాత్రమున జ్ఞానమును శంకించువాడు లేడు. వ్యాసపరీక్ష రోజులలో దేశభాషా మాధ్యమము నుండి వచ్చినవాడు రెండవ పుటలోనే పట్టుబడిపోయెడివాడు. కాబట్టి ప్రవేశద్వారము మునుపటికన్న మనవారికి కొంత సుగమమైన మాట నిజము. కష్టమంతయు లోపలికి పోయిన పిదప ఆరంభమగును. నూట ఇరువది ప్రశ్నలకు గుర్తులు పెట్టి సీటు సంపాదించినవాడు మొదటి సెమినారు పత్రము వ్రాయవలసి వచ్చినప్పుడు, ఇంటిలో ఆంగ్లము మాటలాడు సహాధ్యాయి పది దినములలో ముగించినదానిని రెండు మాసములలో కూడ ముగింపలేక, సెమిస్టరులు వాయిదా వేసి, పరిశోధనా గ్రంథము వద్ద నిలిచిపోవుచున్నాడు. ద్వారము వద్ద దాగిన అసమానత గర్భగృహమున బయటపడుచున్నది.

దీనికి మందు ఎల్.ఎల్.ఎం. లో చేరిన పిదప వెదకిన దొరకదు. డిగ్రీ తరగతులలోనే ఆరంభింపవలెను. విద్యార్థులకు మా సలహా ఇది. వారమునకొక తీర్పును చదువుడు. చదివిన పిదప పుస్తకము మూసి, వివాదమేమి, ప్రశ్న ఏది, నిర్ణయమేమి, కారణమేమి అను నాలుగు సంగతులను ముందుగా మీ ఇంటిభాషలో, తెలుగు గాని ఉర్దూ గాని, ఒక పుటలో వ్రాయుడు. అర్థమైనది మాతృభాషలో వ్రాయవచ్చును. వ్రాయలేకపోయినచో అర్థము కాలేదన్నమాట. అటు తరువాత దానినే ఆంగ్లమున వ్రాయుడు. సాధనములకు కొదువ లేదు. 2023 జనవరి నుండి సుప్రీంకోర్టు తన తీర్పుల భాండారమును అంతర్జాలమున ఉచితముగా అందుబాటులో ఉంచినది. కొన్ని తీర్పుల అనువాదములు తెలుగులోను, ఉర్దూలోను కూడ వెలువడుచున్నవి. ఉర్దూలో మొదట వచ్చినవి బహు స్వల్పము.

కళాశాల సంఘము వారికి మా మనవి: శిక్షణా కేంద్రపు పుస్తకములతో గ్రంథాలయపు బీరువాలను నింపుటకన్న, పక్షమునకొక మధ్యాహ్నము వ్రాత తరగతి నడపుట ప్రయోజనకరము. ఖర్చు స్వల్పము. ఒక గది, అచ్చుతీసిన ప్రతులు, జవాబులు దిద్దుటకు పట్టణములోని న్యాయవాదులలో ఓపిక గల ఇద్దరు, ఒకరు తెలుగు బాగుగా ఎరిగినవారు, మరొకరు ఉర్దూ. ఇద్దరును ఒకే జవాబును దిద్దినచో 'ముద్దాయి' వంటి చిక్కులు వెంటనే తెలియవచ్చును. మొదటి సమావేశమునకు 2024 నాటి అలీగఢ్ తీర్పులోని మెజారిటీ అభిప్రాయము నుండి కొన్ని భాగములను, భిన్నాభిప్రాయములలో ఒకదానిని నిర్ణయించుట బాగుండును. తీర్పు చాల పెద్దది గనుక ప్రతులు పదునైదు దినములు ముందుగానే విద్యార్థుల చేతికి అందవలెను.